నడుము సూది ఘనత

కొత్తవాడ, వరంగల్
జూలై 5, శుక్రవారం

ప్రేమలత వదినె గారికి,

మీ వియ్యపురాలు పోశవ్వ కొత్తవాడ నుంచి రాసేది. ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరు, మా కోడలు మహిత, నాలుగు రోజుల మా మనుమడు క్షేమమని తలుస్తాను.

కొత్తవాడ నుంచి సుబేదారికి ఆటోలో ఇరవై నిమిషాలు. చేతిలో ఫోన్ ఉంది. అయినా ఈమె ఉత్తరం ఎందుకు రాస్తున్నదని మీరు అనుకోవచ్చు. నిన్న నేను ఫోన్ చేస్తే పిల్లవాడు ఉలిక్కిపడి లేచాడట కదా. మహిత మా శేఖర్‌తో చెప్పి పంపింది: "అత్తమ్మ ఫోన్ల మాట్లాడితె స్పీకర్ పెట్టకున్నా పెట్టినట్టే ఉంటాంది. జర కొన్ని దినాలు ఫోన్ వద్దని చెప్పు." నా తప్పేం లేదు వదినె. ముప్పై ఏళ్ళు మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టాను. ఆ మోత మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు ఇట్లా పెరిగింది, చెవులు అట్లా తగ్గాయి. శేఖర్ రోజూ భార్యాబిడ్డలను చూడటానికి వస్తాడు కాబట్టి కూర క్యారియర్‌తో పాటు ఈ ఉత్తరం కూడా వాడి చేతికే ఇస్తున్నాను. జవాబు కూడా వాడితోనే పంపండి.

అసలు సంగతికి వస్తాను. నా సంతోషం మీకు కాక ఇంకెవరికి చెప్పుకుంటాను? మా వాడకట్టు మొత్తంలో నడుము సూది వేయించుకుని, నొప్పి తెలియకుండా కన్న మొదటి కోడలు మన మహితే! దవాఖానలో ఆ మత్తు డాక్టరమ్మ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని కాన్పు గదిలోకి పోవడం నేను కళ్ళారా చూశాను. గంట తిరక్కముందే తలుపు తీశారు, పిల్లవాడి ఏడుపు వినబడింది. మహిత మూలుగు ఒక్కటి కూడా నా చెవిన పడలేదు. ఎంత గొప్ప సూదో చూడండి. ఇంటికి రాగానే వాడకట్టులో మిఠాయి పంచాను. కొడుకా, బిడ్డా అని అడిగిన వాళ్ళకు ముందు సూది సంగతి చెప్పి, ఆ తర్వాతే కొడుకని చెప్పాను.

పిల్లవాడు పాలు బాగా తాగుతున్నాడా? రాయండి.

ఇట్లు
మీ వియ్యపురాలు
పోశవ్వ

తా.క.: మా పక్కింటి భారతి "నొప్పి లేకుంట కంటె బిడ్డ మీద పాణం ఎట్ల కొట్టుకుంటదవ్వా?" అన్నది. "రెండు దినాలు నొప్పులు పడి కన్నవు గదా, నీ కొడుకు మొన్న పండుగకు నీకు ఫోనన్న చేసిండా?" అని అడిగాను. అప్పటి నుంచి ఆమె మా అరుగు మీదికి రావడం లేదు.


సుబేదారి, హనుమకొండ
జూలై 6, శనివారం

గౌరవనీయులైన పోశవ్వ వదినగారికి నమస్కారములు.

మీ ఉత్తరం, బీరకాయ కూర అందాయి. కూర బాగుంది. ఉత్తరం గురించి ఆ మాట చెప్పలేను.

మీరు వాడకట్టంతా చాటిన సూది చేసిన పని ఇక్కడ నేను చూస్తున్నాను. పిల్లవాడు పాలు తాగడం లేదు. రొమ్ము అందిస్తే రెండుసార్లు చప్పరించి నిద్రలోకి జారిపోతాడు. మహిత పాలు పిండి ఇస్తే నేను చెంచాతో పోస్తున్నాను. అవైనా మింగుతున్నాడు, అంతవరకు దేవుడి దయ. ఇరవై తొమ్మిదేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, కారణం నాకు తెలియదా? మందు తల్లి నడుములోకి ఎక్కింది, అక్కడి నుంచి బిడ్డ కళ్ళలోకి దిగింది. నిన్న ఒక వీడియోలో కూడా అచ్చంగా ఇదే చెప్పారు.

మా పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ డబ్బా పాలతో పెరిగిన పిల్లలు ఒక్కరు కూడా లేరు. ఈ మాట నేను గర్వంగా చెప్పుకుంటాను. మహిత రెండున్నరేళ్ళు నా పాలే తాగింది. అలాంటి పిల్ల ఇప్పుడు మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తోంది. ఏమైందంటే "ఏం లేదమ్మా" అంటుంది. దాన్ని చూస్తే నాకు ఏడుపొస్తోంది వదినగారూ.

సూదికి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది మీ అబ్బాయి. ఎవరి సలహాతో పెట్టాడో కనుక్కుని రాయగలరు.

భవదీయురాలు
ప్రేమలత
సైన్సు ఉపాధ్యాయిని (రిటైర్డ్)

తా.క.: నిద్ర లేపడానికి అరికాళ్ళకు గిలిగింతలు పెట్టాను, చెవులు నలిపాను, చివరికి ఎక్కాలు చదివాను. పదమూడో ఎక్కం దగ్గర మరింత గాఢంగా నిద్రపోయాడు. నా సర్వీసులో ఇది కొత్త అనుభవమేమీ కాదు.


కొత్తవాడ
జూలై 7, ఆదివారం పొద్దున

ప్రేమలత వదినె గారికి పోశవ్వ రాసేది.

కనుక్కోవడానికి నేను ఎక్కడికీ పోనక్కరలేదు. ఆ సలహా ఇచ్చింది నేనే.

ఏడో నెలలో మహిత మా వంటింట్లో కూర్చుని "అత్తమ్మా, నాకు భయమైతాంది" అన్నది. నేను నవ్వలేదు. శేఖర్ పుట్టినప్పుడు రెండు రోజులు మంచం కోడు పట్టుకుని వేలాడాను వదినె. "లోకంల అందరు కంటలేరా, నీదొక్కదానిదే కాన్పా?" అని మా అత్త గడపలో కూర్చుని అన్నది. వాడు పుట్టాక ఎత్తుకోవడానికి నా చేతుల్లో సత్తువ లేదు. నాలుగో రోజు దాకా పాలు పడలేదు. అప్పుడు నాకు ఏ సూదీ వేయలేదు. మరి నా పాలను ఎవరు ఆపినట్టు? అది ఎవరూ అడగలేదు. "దీని పాలల్ల బలం లేదు" అని మా అత్త పదిమందిలో చెప్పింది. ముప్పై ఏళ్ళయింది, ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకే మా కోడలితో "నడుము సూది అని ఉంటదట బిడ్డా. డాక్టరమ్మను అడుగు. ఎవలేమన్నా నేనున్న" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఈ రోజుకూ గర్వమే.

కానీ పిల్లవాడు తాగడం లేదని చదివాక నా మనసు ఆగడం లేదు. మీరు చెప్పే మాట, నేను చెప్పే మాట రెండూ పక్కన పెడదాం. మా ఆయన రాజమౌళి జంపఖానాలు నేసే మనిషి. నూలు తూచే తరాజు మా ఇంట్లోనే ఉంది. సాయంత్రం దాన్ని తీసుకుని మేమిద్దరం వస్తున్నాం. బరువు పెరిగితే సూది మంచిది, తగ్గితే మీ మాట నిజం.

ఇట్లు
పోశవ్వ

తా.క.: తరాజును చింతపండు పెట్టి తోమాను. అయినా రంగు నూలు వల్ల ఒక పళ్ళెం ఇంకా ఎర్రగానే, రెండోది నీలంగానే ఉంది. మనుమడిని నీలం పళ్ళెంలో పెడదాం.


సుబేదారి
జూలై 8, సోమవారం

పోశవ్వ వదినగారికి,

నిన్న మా హాల్లో జరిగినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి పెడుతున్నాను. ఎందుకంటే పై వాటా వాళ్ళు ఇప్పటికే తమకు తోచినట్టు చెప్పుకుంటున్నారు.

మీరు తరాజును మా ఫ్యాను కొక్కేనికి కట్టారు. ఒక పళ్ళెంలో తువ్వాలు పరిచి పిల్లవాడిని పడుకోబెట్టారు. అన్నయ్యగారు రెండో పళ్ళెంలో బాట్లు పేర్చారు. దవాఖాన కాగితంలో మూడు కిలోల వంద గ్రాములని ఉంది. మీ తరాజులో రెండు కిలోల ఎనిమిది వందల ఎనభై వచ్చింది. వెంటనే మీరు "పావు కిలో పాయె! నా మనుమడు ఆరిపోతాండు!" అని కేక పెట్టారు. పై వాటా ఆవిడ మా ఇంట్లో పావు కిలో బంగారం పోయిందనుకుని దొంగను పట్టుకోవడానికి చపాతీ కర్రతో దిగి వచ్చింది.

ఆ కేకకు పిల్లవాడు పూర్తిగా మేలుకుని, పుట్టిన తర్వాత మొదటిసారి ఐదు నిమిషాలు రొమ్ము తాగాడు. ఆ ఐదు నిమిషాలకు మీకు కృతజ్ఞతలు.

కానీ వెళ్ళేటప్పుడు మీరు చేసిన పని నేను క్షమించలేను. ఒక్క మాట కూడా చెప్పకుండా మా బల్ల మీద పాలపొడి డబ్బా పెట్టి వెళ్ళారు. నా ఇంట్లో! డబ్బా పాలు తెలియని ఇల్లని నేను మీకు రాసిన మర్నాడే! నేను బాధపడితే పరవాలేదు. మహిత ఆ డబ్బాను చూసింది. పిల్లవాడిని నాకిచ్చి స్నానాల గదిలోకి పోయి, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. మూత కూడా తీయకుండా ఆ డబ్బాను శేఖర్‌తో తిప్పి పంపుతున్నాను. రేపు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తున్నాము. ఆయన చెప్పినట్టు చేస్తాము.

ప్రేమలత

తా.క.: డబ్బా మీద బొద్దుగా నవ్వుతున్న పిల్లవాడి బొమ్మ ఉంది. వాడు ఎవరి మనుమడో గానీ వాడి అమ్మమ్మ సైన్సు టీచరు కాదని మాత్రం చెప్పగలను.


కొత్తవాడ
జూలై 10, బుధవారం

ప్రేమలత వదినె గారికి,

మూత తీసి చూడాల్సింది వదినె. లోపల ఉన్నది పాలపొడి కాదు, నువ్వులుండలు. బాలింతకు పాలు పడాలని బెల్లం వేసి నా చేత్తో కట్టాను. ఆ ఖాళీ డబ్బా భారతి వాళ్ళింటిది, అడిగి తెచ్చుకున్నాను. దాంట్లో ఎందుకు పెట్టానంటారా? మా ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాలన్నీ కూరలతో మీ ఇంటికి వచ్చాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. నేను ఉండలు ఒళ్ళో పోసుకుని రావాలా?

మహిత ఏడ్చిందని చదివితే మాత్రం నాకు అన్నం సహించలేదు. చెప్పి ఇవ్వాల్సింది. ఆ తప్పు నాదే.

పిల్లల డాక్టరు చూసి, బాగానే ఉన్నాడు, ఫికర్ లేదన్నాడని శేఖర్ చెప్పాడు. అయినా నేను నా వంతుగా దవాఖానకు పోయి కాన్పుల వార్డు నర్సు హారిక సిస్టర్‌ను పట్టుకున్నాను. బరువు ఎందుకు తగ్గిందని అడిగాను. "అవ్వా, నడుము సూదికి ముంగట తల్లికి సెలైన్ ఎక్కిస్తం. అండ్ల కొన్ని నీళ్ళు బిడ్డకు గూడ చేరుతయి. పుట్టినంక ఉచ్చల పోతయి. ఎట్లయినా మొదటి దినాలల్ల అందరు పిల్లలు జర తగ్గుతరు, గిట్లయితే ఇంక కొంచెం ఎక్కువ తగ్గినట్టు కనబడ్తది" అన్నది. నాకు సిగ్గేసింది వదినె. రంగు తొట్టిలోంచి తీసిన తడి నూలు చిలపను తూచి, ఎండాక మళ్ళీ తూచి, నూలు ఎవడో ఎత్తుకుపోయాడని ఏ సాలె ఇంటి ఆడదైనా అరుస్తుందా? నేను అరిచాను. మీ ఇంట్లో, ఫ్యాను కింద నిలబడి అరిచాను.

సూది సంగతి కూడా అడిగాను. మీరు చదవాలని ఆమె మాటలు గుర్తు పెట్టుకుని రాస్తున్నాను. "నడుముల వేసే మందు శాన కొంచెం. బిడ్డ దాక పోయేది ఇంక తక్కువ. మొదటి దినాలల్ల రొమ్ము పట్టుడు జర ఆలస్యమైతదని కొందరు డాక్టర్లంటరు, ఏం ఫరక్ లేదని ఇంకొందరంటరు. తొడకు ఇచ్చే నొప్పి సూదులల్ల కొన్ని ఉన్నయి, కాన్పు దగ్గర పడ్డంక ఇస్తె అవ్విటితోని బిడ్డకు నిద్ర ఎక్కువుంటది. ఏ సూదైనా, అసలు సూదే లేకున్నా, చేసేది ఒక్కటే. బిడ్డను అంగీ లేకుంట తల్లి ఎద మీద పండుకోబెట్టాలె, మాటిమాటికి పట్టియ్యాలె. తల్లిని మాత్రం బెదిరియ్యొద్దు." ఆ తర్వాత "నీ కోడలు పేరేందవ్వా?" అని అడిగింది. ఇంతలో లోపల ఎవరికో నొప్పులు ఎక్కువయ్యాయని పిలుపొచ్చింది, ఆమె పరుగెత్తింది.

చూశారా? నా సూది తప్పేమీ లేదు.

ఇట్లు
పోశవ్వ

తా.క.: డబ్బాను మళ్ళీ పంపుతున్నాను. ఇరవై ఒక్క ఉండల్లో పందొమ్మిదే ఉంటాయి. రెండు మా ఆయన తిన్నాడు. ఇప్పటిదాకా ఆయనకు ఏ ఫలితమూ కనబడలేదు.


సుబేదారి
జూలై 13, శనివారం

పోశవ్వ వదినగారికి,

మూత తీయకుండా తీర్పు చెప్పాను. ప్రయోగశాలలో ఇలా చేసిన పిల్లలను నేను బెంచీ ఎక్కించేదాన్ని. కాబట్టి క్షమించమని అడుగుతున్నాను. మీ స్టీలు డబ్బాలు పదకొండు, మూతలు తొమ్మిది ఇవాళ శేఖర్‌తో వస్తున్నాయి. మిగతా రెండు మూతల కోసం వెతుకుతున్నాము.

హారిక సిస్టర్ చెప్పినట్టే చేశాము. బుధవారం నుంచి పిల్లవాడు చొక్కా లేకుండా మహిత ఎద మీదే పడుకుంటున్నాడు, పైన ఒక దుప్పటి కప్పుతున్నాము. నేను గోడకు హాజరు పట్టీ అంటించాను. ఎన్నింటికి తాగాడు, ఎంతసేపు తాగాడు, ఎన్ని గుడ్డలు తడిపాడు, అన్నీ గళ్ళు గీసి రాస్తున్నాను. నిన్న ఒక్క రోజే తొమ్మిదిసార్లు తాగాడు, ఏడు గుడ్డలు తడిపాడు. ఏడో గుడ్డ తడిసినప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదో తరగతిలో స్కూలుకంతా వంద శాతం వచ్చిన ఏడు కూడా నాకు ఇంత గర్వం కలగలేదు. చెంచాను కడిగి లోపల పెట్టేశాము.

మీ సూది తెచ్చిన మత్తును మా ఇంటి పట్టుదల వదిలించింది. ఇది నా అభిప్రాయం, మార్చుకోను. ఒక్కటే మనవి. ఇరవై ఒకటో రోజున మా ఇంట్లో తొట్టెల జరుగుతుంది కదా. పిల్లవాడిని ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేళ, నలుగురు ఆడవాళ్ళ ముందు ఆ సూది మాట ఎత్తకండి.

మీ
ప్రేమలత

తా.క.: పట్టీలో చివర ఒక కొత్త గడి కనబడింది. "అమ్మమ్మ ప్రవర్తన" అని రాసి, దాని కింద ఎర్ర సిరాతో "మెరుగుపడాలి" అని ఉంది. మహిత చేతిరాత. పిల్ల పదకొండు రోజుల తర్వాత నవ్వింది, అందుకని చెరిపివేయలేదు.


కొత్తవాడ
జూలై 15, సోమవారం

ప్రేమలత వదినె గారికి,

తొమ్మిదిసార్లు తాగాడన్న ముక్కను వాడకట్టులో నాలుగిళ్ళకు చదివి వినిపించాను. శేఖర్ నాన్న కూడా మగ్గం ఆపి విన్నాడు. మీరు కడుపు నింపే మాట రాశారు, చల్లగా ఉండండి.

కానీ సూది మాట ఎత్తవద్దంటే ఎట్లా? నేను అప్పుడే మాటిచ్చేశాను. మా వాడకట్టులో ముగ్గురు కోడళ్ళకు నెలలు నిండుతున్నాయి. ముగ్గురినీ తొట్టెలకు పిలిచాను. మహిత వాళ్ళ ఎదుట నిలబడి నొప్పి ఎట్లా తెలియలేదో చెప్తుందని చెప్పాను. వాళ్ళ అత్తలు కూడా వస్తున్నారు. అసలు వినాల్సింది వాళ్ళే.

అంతేకాదు, మనుమడికి మా ఆయన చేత ఒక జంపఖానా నేయించాను. నాలుగంచులా సూది బొమ్మలు వేయమన్నాను. "నలభై ఏండ్ల సంది నెమళ్ళు నేసిన, చిలుకలు నేసిన. దవాఖాన సూది నేసుడు గిదే మొదలు" అని ఆయన గొణిగాడు గానీ నేశాడు. చాలా బాగా వచ్చింది. తొట్టెల నాడు అందరికీ కనబడేలా మీ హాలు గోడకు కడదాం.

ఇట్లు
పోశవ్వ

తా.క.: భారతి మళ్ళీ మా అరుగు మీదికి వస్తోంది. జంపఖానా చూసి "పండ్లు తోముకునే బ్రష్షులు మస్తుగున్నయి" అని మెచ్చుకుంది.


సుబేదారి
జూలై 17, బుధవారం

పోశవ్వ వదినగారికి,

సరే. మా హాలు గోడకు మీ జంపఖానా కట్టండి. దాని పక్కనే నా హాజరు పట్టీ కడతాను. మీరు సూది గొప్ప చెప్పండి. ఆ సూది మత్తును ఒక అమ్మమ్మ పన్నెండు రోజుల్లో ఎలా వదిలించిందో నేను గళ్ళు చూపించి చెప్తాను. ఎవరి మాటకు చప్పట్లు ఎక్కువ పడతాయో చూద్దాం. మా పాత స్కూలు నుంచి మైకు తెప్పిస్తున్నాను. మీకు అవసరం లేదు, అది నా కోసం.

భవదీయురాలు
ప్రేమలత

తా.క.: "నేను కూడా ఏమన్నా మాట్లాడాల్నా అమ్మా?" అని మహిత అడిగింది. "నీకు విశ్రాంతి ముఖ్యం, అంతా మేం చూసుకుంటాం" అని చెప్పాను.


సుబేదారి
జూలై 19, శుక్రవారం

అమ్మకు, అత్తమ్మకు మహిత రాసేది.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం. అమ్మా, నువ్వు చదివి శేఖర్‌కు ఇవ్వు, అత్తమ్మకు చేరుస్తాడు.

మీ ఎనిమిది ఉత్తరాలూ నేను చదివాను. నాకు చూపించకుండా శేఖర్ ఒక్కటి కూడా మీకు ఇవ్వలేదు. అతన్ని తిట్టకండి. అవి లేకపోతే ఆ రోజులు నాకు గడిచేవి కావు. ఎనిమిది ఉత్తరాల్లో నా గురించి ఉన్నది, నా నడుము గురించి ఉన్నది, నా పాల గురించి ఉన్నది. ఆ గదిలో ఏం జరిగిందని నన్ను అడిగిన ముక్క మాత్రం ఎక్కడా లేదు. అందుకని నేనే చెప్తున్నాను.

ఆ సూది నాకు వేయలేదు.

నేను అడిగిన మాట నిజం. శేఖర్ సంతకం పెట్టిన మాట నిజం. సెలైన్ ఎక్కించారు. మత్తు డాక్టరమ్మ వచ్చింది, చేతులు కడుక్కుంది, నన్ను వంగి కూర్చోమంది. అంతలో హారిక సిస్టర్ చూసి "మేడం, తల కనబడతాంది" అన్నది. "ఇక నా సూదికి టైం లేదమ్మా" అన్నది డాక్టరమ్మ. అయినా ఆమె వెళ్ళిపోలేదు, నా చెయ్యి పట్టుకుని నిలబడింది. అరగంటలో వాడు పుట్టాడు. ఆ అరగంట నేను గదంతా దద్దరిల్లేలా అరిచాను. అత్తమ్మా, తలుపు బయట ఉన్న మీ చెవులకు అది అందలేదు. అమ్మా, నువ్వు ఫ్లాస్కులో వేడినీళ్ళు తేవడానికి కిందికి పోయావు.

మొదటి రోజే చెప్పాలనుకున్నాను. అప్పటికే అత్తమ్మ మిఠాయి పంచేసింది. ఆమె సంతోషం చూసి ఆగాను. తర్వాత వాడు పాలు పట్టలేదు. అమ్మ సూదిని తిట్టడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు ప్రాణం తేలికపడింది, అమ్మా. ఎందుకంటే సూది లేదని చెప్తే తిట్టడానికి ఇక మిగిలేది నేనే. నా పాలు తక్కువనో, నాకు పట్టించడం రాదనో అంటారు. అందుకని నోరు మూసుకున్నాను. పన్నెండు రోజులు నా మీద పడాల్సిన మాటలన్నీ ఆ సూదే పడింది. శేఖర్‌కు మాత్రం చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.

అత్తమ్మా, మీ పాలల్లో బలం లేదని మీ అత్త అన్న మాట చదివి నేను చాలాసేపు ఏడ్చాను. మీ బదులు తిట్లు తినడానికి మీకు ఒక సూది కూడా లేకపోయింది కదా.

మరి వాడు ఎందుకు తాగలేదు? పిల్లల డాక్టరును అమ్మ అడగలేదు కానీ నేను అడిగాను. పుట్టడంలో వాళ్ళు కూడా అలసిపోతారట. కొందరు మొదటి గంటలోనే పట్టుకుంటారు, కొందరు నేర్చుకోవడానికి వారం పది రోజులు తీసుకుంటారు. సూది వేసుకున్న తల్లుల బిడ్డల్లోనూ అట్లాంటి వాళ్ళు ఉంటారు, వేసుకోని తల్లుల బిడ్డల్లోనూ ఉంటారు. మావాడు తీరిగ్గా నేర్చుకునే రకం.

అమ్మా, ఈ ఉత్తరం ఇక్కడిదాకా చదివి, మా మహిత సూది లేకుండానే కన్నదని చెప్పడానికి నువ్వు ఈపాటికి పై వాటా మెట్లెక్కుతూ ఉంటావు. దిగిరా. దాంట్లో నాకు గొప్పేమీ కనబడలేదు. మళ్ళీ కాన్పు అంటూ ఉంటే ముందే పోయి ఆ సూది అడుగుతాను. అత్తమ్మా, మీరు కూడా చిన్నబోవద్దు. భయమేస్తోందన్నప్పుడు నవ్వకుండా "నేనున్న" అన్న మనిషి ఈ లోకంలో మీరొక్కరే. ఆ అరగంటలో నేను పట్టుకున్నది ఆ మాటనే.

మీరిద్దరూ నన్ను చూసి గర్వపడాలంటే ఒకటుంది, చెప్తాను. వాడు మొహం తిప్పేసుకున్న ప్రతిసారీ నేను మళ్ళీ ఎత్తుకున్నాను. గోడ వైపు తిరిగి ఏడ్చి, మొహం కడుక్కుని మళ్ళీ ఎత్తుకున్నాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు వాడు కళ్ళు తెరిచి, నా మొహం చూస్తూ, గుటకల చప్పుడు వినబడేలా తాగాడు. ఆ పూట నేను పట్టీలో రాయలేదు, ఎవరినీ పిలవలేదు. అది వాడూ నేనూ చేసుకున్న పని. నా జీవితంలో నేను ఇంత గర్వపడిన పని ఇంకొకటి లేదు. నిన్న డాక్టరు తూచాడు. పుట్టినప్పటి బరువు దాటి రెండు వందల గ్రాములు పెరిగాడు.

తొట్టెల నాడు మైకు నాకివ్వండి. ఆ ముగ్గురు కోడళ్ళతో నేనే మాట్లాడతాను. నొప్పికి ఏమేం మందులున్నాయో, దేనితో ఏమవుతుందో ముందే డాక్టరును అడగండి, కావాలనుకుంటే సిగ్గుపడకుండా కావాలని చెప్పండి, బిడ్డ పాలు పట్టకపోతే ఓపిక పట్టండి, మీ తప్పని మాత్రం అనుకోకండి అని చెప్తాను. వాళ్ళ అత్తలకూ అమ్మలకూ ఒక్కటే మాట చెప్తాను. ఏం జరిగిందో కన్నదాన్ని అడగండి.

మీ ఇద్దరి బిడ్డ
మహిత

తా.క.: ఇంకా చాలా రాయాలని ఉంది. కానీ ఒకవైపు అయిపోయిందట, రెండో వైపు కావాలని వాడు పిడికిలితో గుద్దుతున్నాడు.